సైకిల్ లేన్‌ను టేపు పెట్టి కొలిస్తే తేలిందేమిటి

రద్దీ రోడ్డు మీద సైకిల్ లేన్ బాగాలేదని, దాని మీద ఒక్కసారి తొక్కినవాళ్లెవరైనా చెప్తారు. ఎక్కడ బాగాలేదు, ఎంత తక్కువైంది, ఏం మారిస్తే సరిపోతుంది అని చెప్పాలంటే మాత్రం కొలతలు కావాలి. కొలతలు లేని ఫిర్యాదుకు "పరిశీలిస్తాం" అన్న జవాబు తప్ప ఇంకేమీ రాదు. అందుకే రెండు కిలోమీటర్ల లేన్‌ను ఇద్దరం కలిసి ఈ కొస నుంచి ఆ కొస దాకా కొలిచాం. మూడు రోజులు పట్టింది. ఏ రోడ్డు మీదైనా ఈ పద్ధతే పనికొస్తుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

పెద్ద పనిముట్లేమీ అక్కర్లేదు. ఐదు మీటర్ల స్టీలు టేపు, పది మీటర్ల తాడు, సుద్దముక్కలు, మేస్త్రీలు వాడే ఒక మీటరు మట్టపు కర్ర, చిన్న స్కేలు, ఫోన్‌లో స్టాప్‌వాచ్, మెరిసే జాకెట్లు రెండు. ఒకరు వంగి కొలుస్తుంటే రెండోవాళ్లు వచ్చే బండ్ల వైపు చూస్తూ నిలబడాలి. ఇది కచ్చితంగా పాటించాలి. టేపు పని తెల్లవారుజామున ముగించి, బండ్ల లెక్క రద్దీ వేళకు పెట్టుకున్నాం.

ముందు మనిషి లెక్క. సైకిల్ హ్యాండిల్ వెడల్పు సుమారు 60 నుంచి 70 సెంటీమీటర్లు. దాని మీద కూర్చున్న మనిషి మోచేతులతో కలిపి 75, 80 అనుకోవాలి. సైకిల్ ఎప్పుడూ గీత గీసినట్టు పోదు. మామూలు వేగంలో కూడా అటూ ఇటూ కలిపి 20 సెంటీమీటర్లు ఊగుతుంది. అంటే కదులుతున్న సైకిల్‌కు ఒక మీటరు కావాలి. గంటకు 11 కిలోమీటర్ల కంటే నెమ్మదైతే ఊగడం ఎక్కువవుతుంది. సిగ్నల్ దగ్గర బయల్దేరేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు అది 80 సెంటీమీటర్ల దాకా పోవచ్చు. కాబట్టి లేన్ వెడల్పుగా ఉండాల్సింది ఎత్తుల దగ్గర, సిగ్నళ్ల దగ్గర. మేం కొలిచిన లేన్ సరిగ్గా ఆ రెండు చోట్లే ఇరుకైంది. ఎందుకంటే జంక్షన్ దగ్గర కార్లకు ఇంకో వరస కావాల్సి వచ్చింది, ఆ చోటు లేన్‌లోంచి తీశారు. మొత్తం లేన్‌లో ఇదే కనిపించింది: కార్లకు ఇవ్వగా మిగిలినంతే సైకిల్‌కు ఇచ్చారు.

ప్రతి 50 మీటర్లకూ ఒకసారి వెడల్పు రాసుకున్నాం. మధ్యలో స్తంభం, చెట్టు, మలుపు, బస్టాపు ఏది వచ్చినా అక్కడ అదనంగా ఇంకో కొలత. తెల్లగీత లోపలి అంచు నుంచి ఫుట్‌పాత్ అంచు రాయి దాకా కొలవాలి. గీతను కూడా కలుపుకుంటే ఊరికే పది, పదిహేను సెంటీమీటర్లు పెరిగినట్టు కనిపిస్తుంది. ఎక్కువ చోట్ల 1.5 మీటర్లు వచ్చింది. ఒకటి రెండు చోట్ల 1.8. ఒక వంతెన ముందు 1.1.

టేపు మీద 1.5 కనిపిస్తే అదంతా తొక్కడానికి దొరికినట్టు కాదు. ఒక చోటు లెక్క పూర్తిగా చెప్తాను. అంచు రాయి ఎత్తు 14 సెంటీమీటర్లు. దాన్ని ఆనుకుని 30 సెంటీమీటర్ల కాంక్రీటు కాలువ పట్టీ. పట్టీకీ తారుకీ మధ్య పొడవునా ఒక సందు, తారు వైపు ఒకటిన్నర సెంటీమీటరు ఎత్తు. ఆ సందు మీద చక్రం పెట్టకూడదు, పట్టీలో తొక్కితే రాయి తగులుతుంది. కాబట్టి ఆ 30 పోయినట్టే. మిగిలింది 1.2 మీటర్లు. అవతలి వైపు లారీ అద్దం తెల్లగీత దాటి 20 సెంటీమీటర్లు లోపలికి వస్తోంది. ఇక మిగిలింది ఒక్క మీటరు. కదిలే సైకిల్‌కు కావాల్సింది కూడా సరిగ్గా ఒక్క మీటరే. గుంట వస్తే తప్పించుకోవడానికి గానీ, ముందున్న సైకిల్‌ను దాటడానికి గానీ చోటు లేదు.

అంచు రాయి ఎత్తును ఎందుకు లెక్కపెట్టాలో పెడల్ చూస్తే అర్థమవుతుంది. పెడల్ చేయి తిరిగే ఇరుసు నేల నుంచి 27 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. పెడల్ చేయి పొడవు 17. కిందికి వచ్చినప్పుడు పెడల్ మధ్యభాగం 10 సెంటీమీటర్ల ఎత్తులో, దాని అడుగు ఎనిమిది తొమ్మిదిలో ఉంటుంది. కాబట్టి 14 సెంటీమీటర్ల నిటారు రాయి పక్కనే తొక్కితే పెడల్ దానికి కొట్టుకుని మనిషి రోడ్డు వైపు పడతాడు. సైకిల్ దారులు ఎలా కట్టాలో చెప్తూ బ్రిటన్ 2020లో ఇచ్చిన ఎల్‌టీఎన్ 1/20 అనే మార్గదర్శకం ఈ లెక్కను కచ్చితంగా చెప్తుంది: అంచు 6 సెంటీమీటర్ల లోపైతే అదనపు వెడల్పు అక్కర్లేదు, 15 దాకా అయితే 20 సెంటీమీటర్లు కలపాలి, 60 దాటిన గోడ, కంచె లాంటివైతే 50 కలపాలి. నిటారు రాయికి బదులు ఏటవాలు రాయి పెడితే ఆ వెడల్పంతా తిరిగి వాడుకోవచ్చు. కొత్తగా కట్టేటప్పుడు ఇది చాలా తేలిక. కట్టిన తర్వాత రెండు కిలోమీటర్ల రాళ్లు పీకి మళ్లీ వేయాలి.

ఆపి ఉంచిన కార్ల పక్కన లేన్ గీసిన 400 మీటర్ల ముక్క అన్నిటికంటే ప్రమాదకరం. కారు తలుపు పూర్తిగా తెరిస్తే దాదాపు ఒక మీటరు బయటికి వస్తుంది. 1.5లోంచి 1 తీసేస్తే అర మీటరు. తలుపుకు అందకుండా తొక్కాలంటే తెల్లగీత మీదో దాని అవతలో తొక్కాలి, అక్కడేమో బస్సులు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే. తలుపు అంచు హ్యాండిల్ కొసకు తగిలితే చక్రం తలుపు వైపు తిరిగిపోతుంది, మనిషి మాత్రం అవతలికి, అంటే బండ్ల కిందికి, పడతాడు. ఇక్కడ వెడల్పు పెంచడం కంటే వరస మార్చడం మేలు. లేన్‌ను ఫుట్‌పాత్ పక్కకు జరిపి, కార్లను దాని అవతల ఆపించి, మధ్యలో కనీసం అర మీటరు ఖాళీ వదిలి చారలు వేయాలి. ఎనభై సెంటీమీటర్లు ఉంటే ఇంకా మంచిది. ఆగిన కార్లే అడ్డుగోడగా పనికొస్తాయి. డ్రైవర్ వైపు తలుపుతో పోలిస్తే ఇవతలి తలుపు తెరుచుకోవడం కూడా తక్కువే, ఎందుకంటే చాలా కార్లలో డ్రైవర్ ఒక్కరే ఉంటారు.

రెండో రోజు నేల చూశాం. నీళ్లు పోయే ఇనుప జాలీలు రెండు కిలోమీటర్లలో ముప్పై ఒకటి ఉన్నాయి, అన్నీ లేన్‌లోనే. వాటిలో తొమ్మిదింటికి కడ్డీలు సైకిల్ పోయే దిశలోనే ఉన్నాయి, కడ్డీల మధ్య సందు 3 సెంటీమీటర్లు. 28 మిల్లీమీటర్ల టైరు అందులో నేరుగా దిగిపోతుంది. ముందు చక్రం దిగితే సైకిల్ అక్కడికక్కడే ఆగిపోయి మనిషి హ్యాండిల్ మీదుగా పడతాడు. జాలీ చదరంగా ఉంటే ఎత్తి, పావు వంతు తిప్పి పెడితే చాలు. దీర్ఘచతురస్రమైతే అడ్డంగా ఇనుప పట్టీలు వెల్డింగ్ చేయించాలి, లేదా జాలీయే మార్చాలి. ముప్పై ఒకటింటినీ నంబర్లేసి, ప్రతి దాని పక్కన టేపు పెట్టి ఫొటో తీశాం. లేన్ మొత్తంలో అతి తక్కువ ఖర్చుతో ప్రాణం కాపాడే పని ఇదే.

ఎగుడుదిగుళ్లు రాసుకునేటప్పుడు దిశ కూడా రాయాలి. దారికి అడ్డంగా ఉన్న రెండు సెంటీమీటర్ల గట్టు ఒక కుదుపు ఇస్తుంది, అంతే. దారి పొడవునా ఉన్న ఒక సెంటీమీటరు గట్టు చక్రాన్ని పట్టేసుకుంటుంది. కేబుల్ కోసం తవ్వి పూడ్చిన చోట ఇవి ఎక్కువ. పూడ్చిన మట్టిని పొరలు పొరలుగా గట్టిగా దిమ్మిస చేయకపోతే మొదటి వానలకే కుంగి, పొడవునా అంచు తేలుతుంది. మట్టపు కర్రను అడ్డంగా పెట్టి కింద సందులో స్కేలు దూర్చి కొలిస్తే లోతు తెలుస్తుంది. అదే కర్రతో పక్కవాలు కూడా చూసుకోవచ్చు. మీటరుకు రెండు సెంటీమీటర్లు వాలితే నీళ్లు పోతాయి, తొక్కడానికీ ఇబ్బంది ఉండదు. అంచు దగ్గర మాకు మీటరుకు ఆరు వచ్చింది. వాన పడ్డ మర్నాడు వెళ్లి చూస్తే ఆరు చోట్ల నీళ్లు నిలిచి ఉన్నాయి, సైకిళ్లన్నీ లేన్ వదిలి కార్ల మధ్య పోతున్నాయి.

రంగు గురించి ఒక మాట. లేన్ అంతటా నున్నటి పెయింట్ పూస్తే తడిలో జారుతుంది, మలుపుల్లో మరీనూ. గరుకు రాయిపొడి కలిసిన పూత వాడాలి, అది కూడా జంక్షన్ల దగ్గర, అడ్డరోడ్లు కలిసే చోట చాలు. అంతటా ఒకే రంగు ఉంటే, జాగ్రత్త పడాల్సిన చోటు ఏదో డ్రైవర్‌కు తెలియదు.

గీత ఒక్కటే సరిపోతుందా, అడ్డు కట్టాలా అన్నది వేగం, బండ్ల సంఖ్య చూసి తేల్చాలి. రోడ్డు పక్కన 50 మీటర్ల దూరంలో రెండు సుద్ద గుర్తులు పెట్టి, బండి మొదటి గుర్తు దాటిన క్షణం నుంచి రెండోది దాటే దాకా సమయం చూశాం. 180ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకు కిలోమీటర్లలో వేగం వస్తుంది. 3.6 సెకన్లు పడితే 50. ఇలా వంద బండ్లు తీసుకుని, తక్కువ వేగం నుంచి ఎక్కువకు వరసగా రాసి, 85వ దాన్ని చూడాలి. రోడ్డు ఇంజినీర్లు మాట్లాడుకునేది ఆ అంకె గురించే. సగటు చెప్తే పట్టించుకోరు. మాకు 58 వచ్చింది, బోర్డు మీద హద్దు 50. నెదర్లాండ్స్ పద్ధతిలో కార్లతో సైకిళ్లను కలిపి నడిపించేది 30 హద్దున్న వీధుల్లో. 50 హద్దున్న రద్దీ రోడ్ల మీద విడిగా ట్రాక్ కడతారు. 30 మీద వచ్చే కారుతో పోలిస్తే 50 మీద వచ్చే అదే కారుకు గుద్దే శక్తి 2.8 రెట్లు. ఇక గీత ఉంటే కార్లు దూరం జరుగుతాయన్న నమ్మకం కూడా నిలబడదు. మెల్బోర్న్‌లో చేసిన అధ్యయనం ఒకటి 2019లో వచ్చింది. ఉత్త గీత మాత్రమే ఉన్న లేన్ పక్కన, లేన్ లేని రోడ్డు మీద కంటే దగ్గరగా కార్లు దాటుతున్నాయని అందులో తేలింది. నేను కళ్లారా చూసింది కూడా అదే. గీత కనిపిస్తే డ్రైవర్ తన వరసలో తను ఉన్నాననుకుంటాడు, సైకిల్‌కూ తనకూ మధ్య దూరం చూసుకోడు.

మూడో రోజంతా జంక్షన్లకే పోయింది. లేన్ మంచిదో కాదో అక్కడే తేలుతుంది. ఎందుకంటే రెండు కిలోమీటర్లలో తొంభై శాతం బాగున్నా, మిగిలిన పదిలోనే కారూ సైకిలూ ఒకదాని దారికి ఒకటి అడ్డం వస్తాయి. మేం చూసిన పెద్ద జంక్షన్‌లో తెల్లగీత 25 మీటర్ల ముందే ఆగిపోయింది. అక్కడి నుంచి పక్కకు తిరిగే కార్లు సైకిల్ దారిలోకి వస్తాయి, సూటిగా వెళ్లే సైకిల్ వాటి మధ్యలోంచి దారి వెతుక్కోవాలి.

మూల మీద కార్లు ఎంత వేగంగా తిరుగుతాయన్నది ఆ మూల వంపు మీద ఆధారపడుతుంది. వంపు వ్యాసార్ధాన్ని తాడుతో కొలవవచ్చు. అంచు రాయి వంపు మీద రెండు చోట్ల తాడు కొసలు పట్టుకుని, ఆ తాడు పొడవు, తాడు మధ్య నుంచి వంపు దాకా లోతు కొలవాలి. తాడు పొడవును దానితోనే గుణించి, లోతుకు ఎనిమిది రెట్లతో భాగించి, లోతులో సగం కలపాలి. మాకు తాడు 6 మీటర్లు, లోతు 40 సెంటీమీటర్లు. 36ను 3.2తో భాగిస్తే 11.25, సగం లోతు 0.2 కలిపితే సుమారు 11.5 మీటర్లు. పైగా కారు అంచుకు ఆనుకుని తిరగదు, సైకిల్ లేన్ వెడల్పును కూడా వాడుకుని ఇంకా పెద్ద వంపులో తిరుగుతుంది. అందుకే బ్రేకు మీద కాలు పెట్టకుండానే తిరిగిపోతున్నాయి. ఆ వంపును 4, 5 మీటర్లకు తగ్గిస్తే వేగం గంటకు 15 కిలోమీటర్ల దగ్గరికి వస్తుంది. లారీలు, బస్సులు తిరగలేవని అభ్యంతరం చెప్తారు. దానికి మార్గం ఉంది: మూలలో కొద్దిపాటి ఎత్తుతో గరుకు రాళ్ల దిమ్మ వేస్తే పెద్ద బండి చక్రం దాని మీదుగా పోతుంది, కారు మాత్రం కుదుపుకు భయపడి చుట్టూ తిరుగుతుంది.

అడ్డరోడ్డు దగ్గర సైకిల్ దారిని పెద్దరోడ్డు అంచు నుంచి ఐదు మీటర్లు లోపలికి జరిపితే ఇంకో మేలు. తిరిగిన కారు ఆ ఐదు మీటర్లలో పెద్దరోడ్డుకు అడ్డం కాకుండా ఆగగలుగుతుంది. అప్పటికి అది దాదాపు పూర్తిగా తిరిగి ఉంటుంది కాబట్టి డ్రైవర్‌కు సైకిల్ అద్దంలో కాకుండా కిటికీలోంచి నేరుగా కనిపిస్తుంది. రెండు మీటర్లే జరిపితే ఈ రెండు ప్రయోజనాలూ ఉండవు. సగం జరిపి వదిలేసినవి రెండు చోట్ల చూశాం, కారు తోక పెద్దరోడ్డు మీదే ఉండిపోతోంది, వెనక బండ్లు హారన్ కొడుతున్నాయి, ఆ తొందరలో డ్రైవర్ సైకిల్‌కు దారి ఇవ్వడం లేదు.

ఇక సిగ్నల్. జంక్షన్ ఈ గీత నుంచి ఆ గీత దాకా 34 మీటర్లు. పసుపు లైటు 3 సెకన్లు, ఆ తర్వాత అన్ని వైపులా ఎరుపు 2 సెకన్లు. పచ్చ లైటు చివరి క్షణంలో సైకిల్ లోపలికి వెళ్లిందనుకోండి. గంటకు 15 కిలోమీటర్లంటే సెకనుకు 4.2 మీటర్లు. ఐదు సెకన్లలో 21 మీటర్లు పోతుంది. ఇంకా 13 మీటర్లు ఉండగానే అడ్డం వచ్చే బండ్లకు పచ్చ లైటు పడుతుంది. కారుకు ఈ ఐదు సెకన్లు సరిపోతాయి, సైకిల్‌కు ఎనిమిది కావాలి. తప్పు సైకిల్ తొక్కేవాళ్లది కాదు, లైటు లెక్క కారు కోసం వేసింది. సైకిల్‌కు విడి లైటు పెట్టి దాన్ని మూడు సెకన్లు ముందే ఆపేస్తే సరిపోతుంది. అదే లైటు బయల్దేరేటప్పుడు కార్ల కంటే నాలుగు సెకన్లు ముందు పచ్చ ఇస్తే, తిరిగే కార్లు కదిలేసరికి సైకిల్ జంక్షన్ మధ్యలో, అందరికీ కనిపించే చోట ఉంటుంది. కొన్ని జంక్షన్లలో రోడ్డు కింద తీగ చుట్ట బండిని గుర్తించి లైటు మారుస్తుంది. చుట్ట మధ్యలో ఆగిన సైకిల్‌ను అది పట్టుకోదు. తీగ పాతిన కోత గీత మీద చక్రం పెట్టి నిలబడితే పట్టుకునే అవకాశం ఎక్కువ. ఆ చోట నేల మీద చిన్న సైకిల్ గుర్తు వేయమని అడగాలి.

బస్టాపు దగ్గర లేన్ నేరుగా బస్సు ఆగే చోటులోంచి పోతోంది. లేన్‌ను బస్టాపు వెనకనుంచి తిప్పాలి. అప్పుడు ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు నిలబడే దిమ్మ రెండున్నర మీటర్లైనా ఉండాలి, లేకపోతే జనం సైకిల్ దారిలో నిలబడతారు. దాటే చోట లేన్‌ను ఫుట్‌పాత్ ఎత్తుకు లేపి చారలు వేయాలి, చూపు లేనివాళ్ల కాలికి తెలిసే బుడిపెల పలకలు పరచాలి.

కార్లు లోపలికి రాకుండా పెట్టిన ప్లాస్టిక్ స్తంభాలు పది మీటర్లకొకటి ఉన్నాయి. నాలుగున్నర మీటర్ల కారు రెండు స్తంభాల మధ్య హాయిగా దూరి ఆగుతోంది. మూడు మీటర్లకొకటి ఉండాలి. లేన్ మొదట్లో అడ్డంగా పెట్టిన ఇనుప స్తంభాల మధ్య మాత్రం 1.1 మీటరే. మూడు చక్రాల సైకిల్, సరుకుల సైకిల్ పట్టవు. 1.5 మీటర్లు వదిలితే అవి పోతాయి, కారు పట్టదు.

కాగితం రాయడం కూడా పనిలో భాగమే. ప్రతి లోపానికీ ఒక వరస: ఎన్నో మీటరు దగ్గర, ఏం కొలిచాం, ఎంత ఉండాలి, ఏం చేయాలి, ఫొటో నంబరు. వాటిని మూడు భాగాలు చేశాం. జాలీలు, స్తంభాల లాంటివి వెంటనే చేయగలిగినవి. సిగ్నల్ సెకన్లు, గీత జరపడం లాంటివి నిర్ణయం కావాల్సినవి. మూలలు, బస్టాపుల లాంటివి తవ్వాల్సినవి. అన్నీ కలిపి ఒకే జాబితాగా ఇస్తే, తవ్వే పని పేరు చెప్పి జాలీలను కూడా ఆపేస్తారు.

వంతెన ముందు 1.1 మీటర్ల చోటుకు మాత్రం లెక్క వేసి చూపించాం. పక్కనున్న కార్ల వరసలు రెండూ 3.5 మీటర్లు. ఒక్కోటి 3.3 చేస్తే 40 సెంటీమీటర్లు దొరుకుతాయి, లేన్ 1.5 అవుతుంది, రాయి కదపక్కర్లేదు. వరస ఇరుకైతే కార్ల వేగం కూడా కొంత తగ్గుతుంది.

తర్వాత మళ్లీ వెళ్లి కొలిస్తే తొమ్మిది జాలీల్లో ఏడు తిప్పి ఉన్నాయి, రెండింటికి పట్టీలు వేశారు. సిగ్నల్ సెకన్లు మారలేదు. వంతెన దగ్గర గీత జరిపారు, టేపు మీద 1.48 వచ్చింది. కానీ పాత గీతను యంత్రంతో గీకి తీసేటప్పుడు తారు కూడా లేచి, ఇప్పటి లేన్ లోపలే పొడవునా నాలుగు మిల్లీమీటర్ల లోతు గాడి పడింది. అరవై రెండు మీటర్లు. దాని ఫొటోలు కొత్త జాబితాలో మొదటి వరసలో పెట్టాం.